బదులు చదువు

బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే టీచరు ఆన్‌లైన్‌లో ఎం.ఏ. ఎడ్యుకేషన్‌లో చేరారనుకుందాం. ఆ టీచరు మీరే అయ్యుండొచ్చు. పొద్దున్నే బడి, సాయంత్రం ట్యూషన్లు, ఇంటికొచ్చాక వంట, పిల్లల హోంవర్కు. రాత్రి పదింటికి ఫోన్ పట్టుకుని వీడియో పాఠం పెడితే పావుగంటకే కళ్లు మూసుకుపోతాయి. దసరా సెలవుల్లో చూద్దామనుకున్న పాఠాలు సంక్రాంతికి జరుగుతాయి. అసైన్‌మెంట్ గడువు నెత్తిమీదికొచ్చాక "ఈ వయసులో మనకు చదువెక్కడ అబ్బుతుందిలే" అని మిమ్మల్ని మీరే తీసిపారేసుకుంటారు. వయసును ఆడిపోసుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. మీ కోర్సులో చేరిన ఇంకో మనిషి పేరు మీకు తెలుసా?

తెలియదనేవాళ్లే ఎక్కువ. ఆన్‌లైన్ పీజీలో ఫీజు కట్టిన రసీదు వస్తుంది, పుస్తకాలు పీడీఎఫ్‌లుగా వస్తాయి, వీడియోలు వస్తాయి. పక్క బెంచీ మాత్రం రాదు. దాన్ని మనమే తెచ్చుకోవాలి.

హార్వర్డ్, ఎంఐటీ కలిసి నడిపిన ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. 2017–18లో చేరినవాళ్లలో చివరిదాకా నిలిచినవాళ్లు నూటికి ముగ్గురు చిల్లర. ఊరికే తొంగిచూసి పోయినవాళ్లూ ఆ లెక్కలో ఉన్నారు కాబట్టి ఆ అంకెను యథాతథంగా మన నెత్తిన వేసుకోనక్కర్లేదు. కానీ పాఠం ఎంత గొప్పదైనా అది ఒక్కటే మనిషిని కట్టి ఉంచలేదని మాత్రం తేలింది. 2017 జులైలో మొదలైన మన ప్రభుత్వ వేదిక స్వయం కోర్సుల్లో నాలుగు భాగాలుంటాయి: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, మనల్ని మనం పరీక్షించుకునే ప్రశ్నలు, తోటివాళ్లతోనూ అధ్యాపకులతోనూ చర్చ. ఆ నాలుగోదాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. అందులో మార్కులు కనపడవు మరి.

దూరవిద్య మనకు కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టులో మన దగ్గరే పుట్టింది. ఇవాళ్టి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దాని తొలి వైస్‌ఛాన్సలర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ ఆయనే తొలి వైస్‌ఛాన్సలర్ అయ్యారు. నిజామాబాద్ గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలలో ఆదివారం తరగతులకని బోధన్ నుంచి, బాన్సువాడ నుంచి, ఆర్మూర్ నుంచి బస్సెక్కి వచ్చి డిగ్రీ చేసినవాళ్లు ఈ ప్రాంతంలో ఊరూరా ఉంటారు. లెక్చరర్ చెప్పిందెంత గుర్తుందని వాళ్లనడిగితే నవ్వేస్తారు. తరగతయ్యాక టీ హోటల్లో కూర్చుని "అన్నా, ఆ నాలుగో ప్రశ్న నీకేమన్న సమజైందా?" అని మొదలుపెట్టిన ముచ్చట్లు మాత్రం గుర్తుంటాయి. ఆన్‌లైన్ చదువు మనకు బస్సు ఛార్జీ మిగిల్చింది, ఆ టీ హోటల్‌ను తీసేసింది. నా లెక్కన ఈ బేరంలో పోయింది తక్కువేమీ కాదు.

తోటివాళ్ల దగ్గర నేర్చుకోవడం ఏదో అమెరికా నుంచి దిగిన పద్ధతి అనుకునేవాళ్లకు ఒక పాత కాగితం సంగతి చెప్పాలి. 1822లో మద్రాసు గవర్నర్ మన్రో తన ఇలాకాలోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ 1823లో జవాబు రాశాడు. 1816లో ఇంగ్లిష్‌లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంబెల్ ఈయనే. తెలుగు, కన్నడం చెప్పే అక్కడి వీధి బడుల్లో పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెబుతున్నారనీ, అలా చెప్పడంలో తమకు వచ్చింది ఇంకా గట్టిపడుతోందనీ, ఇంగ్లండ్ వాళ్లు దీన్ని చూసి అనుకరించడం న్యాయమేననీ ఆయన మెచ్చుకున్నాడు. అప్పటికే మద్రాసు ఎగ్మూరు అనాథ బాలల బడిలో ఆండ్రూ బెల్ ఈ పద్ధతినే నడిపి, 1797లో దాని మీద పుస్తకం వేసి ఇంగ్లండ్‌లో ప్రచారం చేశాడు. క్యాంబెల్ ఉత్తరంలో మందలింపు కూడా ఉంది. పిల్లలు పద్యాలు వల్లె వేస్తున్నారు గానీ అర్థం తెలియడం లేదని వాపోయాడు. రెండూ అవే బడుల గురించి రాసిన మాటలు. అంటే తోటివాడు చెబితే అర్థం దానంతట అదే వచ్చేస్తుందని లేదు. తోటివాడి నుంచి వల్లెవేతను కూడా అంటించుకోవచ్చు. ఏది అంటుతుందన్నది కలిసి కూర్చుని ఏం చేస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఏం చేస్తున్నాం మనం? కలిసి చదువుదాం అనగానే మన గ్రూపుల్లో జరిగే మొదటి పని పంపకం. యూనిట్లు ఎనిమిది, మనుషులు నలుగురు, తలా రెండు. ఎవరి వంతు వాళ్లు నోట్సు రాసి వాట్సాప్‌లో పడేస్తారు. పరీక్ష రెండు రోజులుందనగా నాలుగు రకాల దస్తూరీలను కలిపి జిరాక్స్ సెంటర్లో ప్రింటు తీయిస్తారు. ఖర్చు తగ్గింది, శ్రమ తగ్గింది, చదువూ తగ్గింది. మీకు వచ్చింది రెండు యూనిట్లే. మిగిలిన ఆరు ఇంకెవరికో వచ్చు. పైగా ఆ నోట్సులో ఎవరో తొందరలో రాసిన తప్పు నలుగురి జవాబు పత్రాల్లోకీ చక్కగా ప్రయాణిస్తుంది.

చెరకు, పసుపు, వరి పండించే ఇళ్లలో పుట్టినవాళ్లకు బదులు కూలి సంగతి చెప్పనక్కర్లేదు. నాలుగిళ్లవాళ్లు ఒక మాటనుకుంటారు. ఇవాళ అందరూ ఒకరి చేనుకు, రేపు అందరూ ఇంకొకరి చేనుకు. డబ్బు చేతులు మారదు, చాకిరీ మారుతుంది. ఆ రోజు చేను ఎవరిదో వాళ్లు ముందు నడుస్తారు. మిగతావాళ్లు ఆ చేనంతా వాళ్లతోపాటే తిరుగుతారు. సాలు సాలుకూ అందరి కాళ్లూ పడతాయి. మనకు కావలసిన ఏర్పాటు ఇదే. వారానికి ఒక్క యూనిట్. నలుగురూ దాన్నే చదవాలి. ఆ వారం వంతు ఎవరిదో వాళ్లు పావుగంట చెప్పాలి, మిగతా ముగ్గురూ అడ్డంపడి అడగాలి. వచ్చే వారం యూనిట్ మారుతుంది, ముందు నడిచే మనిషి మారుతుంది.

చెప్పేవాళ్లకే ఎక్కువ లాభమన్న సంగతి మీకు బడిలో అనుభవమే. అడిగేవాళ్లకు ఏం లాభమో చూడండి. పరిశోధనా పద్ధతుల పేపర్లో నమూనా ఎంపిక పాఠం నడుస్తోందనుకుందాం. స్ట్రాటిఫైడ్ శాంప్లింగ్ నిర్వచనం అందరికీ నోటికొచ్చు. వంతు వచ్చిన సారు బడి హాజరు రిజిస్టర్లు తెచ్చి, తరగతుల వారీగా పేర్లు విడదీసి, ప్రతి తరగతి నుంచి ఇంతమంది అని తీస్తే సరిపోతుందని చెప్పారు. వర్ని నుంచి మాట్లాడుతున్న టీచరమ్మ ఆపి అడిగింది: "సార్, చెరుకు కొట్టనీకి వచ్చినోళ్ల పిల్లలు మా ఊరి పొలాల కాడనే ఉంటరు. వాళ్ల పేర్లు రిజిస్టర్ల లేవు. రిజిస్టర్ చూసి తీస్తే వాళ్లు మన లెక్కల యాడున్నరు?" గదిలో, అంటే నాలుగు ఫోన్లలో, కాసేపు నిశ్శబ్దం. పాఠం అక్కణ్నుంచి మొదలవుతుంది. జాబితా నుంచి తీసే ఏ శాంప్లింగూ జాబితాలో లేని మనిషిని పట్టుకోలేదని, ముందు చూడాల్సింది ఎంపిక పద్ధతిని కాదు జాబితానని నలుగురికీ ఒక్కసారే తడుతుంది. పుస్తకంలో ఆ వాక్యం ఉంటుంది. దాని మీద నలుగురి కళ్లూ నిలవాలంటే వర్ని పొలాలు చూసిన మనిషి ఒకరు కావాలి. ఆ ఒక్క ప్రశ్నలోంచి ఎవరికైనా డిసర్టేషన్ అంశం కూడా దొరకొచ్చు.

ఇక్కడే ఒక జాగ్రత్త. చర్చకు ముందు ఎవరి జవాబు వాళ్లు కాగితం మీద రాసుకోవాలి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి తరగతిలో పెట్టిన పద్ధతి ఇదే: ముందు ఒంటరిగా జవాబు, తర్వాత పక్కవాళ్లతో వాదన, మళ్లీ జవాబు. ముందు రాసుకోకపోతే ఏమవుతుందో మనకు తెలిసిందే. గట్టిగా మాట్లాడేవాళ్లు చెప్పిందే అందరి అభిప్రాయమైపోతుంది. "నేనూ అదే అనుకుంటున్నా" అనడం సులువు. కాగితం మీద వేరే జవాబుంటే ఆ మాట అంత సులువుగా నోటికి రాదు.

అసలు నలుగురిలో ఎవరికీ రాకపోతేనో? ఈ అనుమానం న్యాయమైనదే. కొలరాడో విశ్వవిద్యాలయంలో జెనెటిక్స్ తరగతి మీద జరిగిన పరిశోధన 2009 జనవరిలో 'సైన్స్'లో వచ్చింది. విద్యార్థులు ఒక ప్రశ్నకు విడిగా జవాబు చెప్పి, పక్కవాళ్లతో మాట్లాడి, మళ్లీ చెప్పారు. తర్వాత అదే విషయం మీద ఇంకో ప్రశ్న ఇచ్చి ఎవరికి వాళ్లను రాయమన్నారు. జవాబులు మెరుగుపడ్డాయి. మొదట్లో ఒక్కరికీ సరైన జవాబు తెలియని గుంపుల్లో కూడా మెరుగుపడ్డాయి. తెలిసినవాడి జవాబును కాపీ కొట్టడం వల్లే మార్కులు పెరుగుతాయన్న వాదనకు ఇది గట్టి దెబ్బ. వాదించుకుంటూ పోతే తెలియనివాళ్లు కూడా తెలిసిన చోటికి చేరొచ్చు.

గ్రూపు ఎంత ఉండాలి? నలుగురు చాలు, అయిదుగురు గరిష్ఠం. వంద సంవత్సరాలకు పూర్వమే రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి చూశాడు. మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. రెండు వందల మంది ఉన్న కోర్సు వాట్సాప్ గ్రూపు తేదీలు తెలుసుకోవడానికి, గుడ్ మార్నింగ్ బొమ్మలు చూడడానికి పనికొస్తుంది. చదవడానికి పనికిరాదు.

టైము దగ్గర అసలు గొడవ. ఆదివారం పొద్దున పెట్టుకుందామని మగవాళ్లు తేలిగ్గా అనేస్తారు. ఇంట్లో ఆడవాళ్లకు వారంలో ఎక్కువ పని పడేది ఆ పూటే. రాత్రి పది తర్వాత ఫోన్ మాట్లాడాలంటే చాలా ఇళ్లలో ఇబ్బంది. దాన్ని పట్టించుకోని గ్రూపులో మేడమ్‌లు మెల్లగా మాయమవుతారు, తర్వాత వాళ్లకే శ్రద్ధ లేదంటారు. మన నిజామాబాద్ గల్ఫ్ జిల్లా కూడా. దుబాయ్‌లోనో సౌదీలోనో ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు మీ గ్రూపులో ఉంటే గడియారం చూసుకోండి. ఇక్కడ రాత్రి 8:30 అంటే దుబాయ్‌లో 7:00, సౌదీలో 6:00. సౌదీలో ఆదివారం పనిదినం, సెలవులు శుక్ర, శనివారాలు. అందరికీ కుదిరే గంట వారానికి ఒక్కటే దొరుకుతుంది. శనివారం సాయంత్రమో మరొకటో దాన్ని ఖాయం చేసి మళ్లీ కదపకండి. మిగతా సందేహాలకు వాయిస్ మెసేజ్ చాలు. బోధన్ బస్సులో కూర్చుని ఒకరు అడిగినదానికి ఇంకొకరు అన్నం వార్చుకుంటూ జవాబు చెప్పొచ్చు.

ఏ భాషలో మాట్లాడుకోవాలన్న ప్రశ్న ప్రతి గ్రూపులోనూ వస్తుంది. పాఠం ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి చర్చా ఇంగ్లిష్‌లోనే జరగాలని ఎవరో ఒకరు పట్టుబడతారు. ఒప్పుకోకండి. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న బోధన్ బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒక్క దుకాణం ముందే వినబడతాయి. ఏ భాషలో మీకు కోపం వస్తుందో ఆ భాషలో వాదించండి. ఇంగ్లిష్ రాసేటప్పుడు ఎలాగూ తప్పదు.

మన దగ్గర ఇంకో చిక్కు పెద్దరికం. గ్రూపులో ఒకరు ఇరవై ఏళ్ల సర్వీసున్న హెడ్మాస్టరు, ఇంకొకరు నిరుడు బీఎడ్ ముగించిన అమ్మాయి. గణాంకాల పాఠం ఆ అమ్మాయికే బాగా వచ్చు. "సార్, మీరు చెప్పింది తప్పు" అనడం మన మర్యాదకు కుదరదు, అననూ కూడదేమో. దానికి ప్రశ్న మంచి దారి. "సార్, దీనికి మన బడి నుంచి ఒక ఉదాహరణ చెప్తారా?" అంటే, ఉదాహరణ కుదరని చోట సారుకే తన తప్పు కనపడుతుంది. పెద్దవాళ్లకు కూడా ఒక మాట: మొదటి నెలలోనే ఒకసారి "నాకు తెల్వది, నువ్వు చెప్పమ్మా" అనండి. గ్రూపు నిలబడుతుందా లేదా అన్నది ఎక్కువగా ఆ వాక్యం మీదే ఆధారపడి ఉంటుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది: రాసిన జవాబు చూపిస్తే "సూపర్ మేడం", రెండు బొటనవేళ్లు. దానివల్ల రాసినవాళ్లకు ఒరిగేదేమీ లేదు. మీకు ఎక్కడ అర్థం కాలేదో ఆ ఒక్క వాక్యం చూపించండి, చాలు.

కాపీ సంగతి దాటవేయలేం. కలిసి చదవడానికీ చూసి రాయడానికీ మధ్య గీత ఎక్కడుందని అడుగుతారు. గీత కలం పట్టుకున్న చోట ఉంది. మాట్లాడుకునేదంతా కలిసి, రాసేటప్పుడు నోట్సు మూసేసి ఒంటరిగా. ఒకరి అసైన్‌మెంట్ ఇంకొకరు చూడాలంటే ఇద్దరూ రాయడం అయిపోయాకే చూడాలి. రెండు జవాబులు అక్షరం పొల్లుపోకుండా ఉంటే దిద్దేవాళ్లకు పట్టుకోవడం కష్టమేమీ కాదు. డిసర్టేషన్ దగ్గర యూజీసీ 2018 నిబంధనలు ఇంకా గట్టివి: ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటితే చర్య తీసుకోవచ్చు. గ్రూపులో ఒకరి పాత అసైన్‌మెంట్ పీడీఎఫ్ తిరుగుతోందంటే ఆ గ్రూపు చదువు మానేసిందని లెక్క.

గ్రూపు మీద మోయలేని భారం కూడా వేయకండి. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. ఆరు నెలల్లో వారానికి నాలుగున్నర గంటల పైచిలుకు. అలాంటి పేపర్లు నాలుగుంటే వారానికి పద్దెనిమిది గంటలు దాటుతుంది. అందులో గ్రూపు గంట ఒక్కటే. మిగతాదంతా మీరు, పుస్తకం. అందుకే అన్ని పేపర్లనూ గ్రూపులోకి లాగకూడదు. ఒంటరిగా కొరుకుడుపడని ఒక్క పేపరు తీసుకోండి. ఎడ్యుకేషన్ పీజీలో అది చాలామందికి పరిశోధనా పద్ధతులో, గణాంకాలో అవుతుంది. విద్యా చరిత్ర లాంటివి ఎవరికి వాళ్లు చదువుకోవచ్చు.

ఒకరు రెండు వారాలు రాకపోతే ఫోన్ చేసి బాగోగులు అడగండి, చదువు సంగతి తర్వాత. మూడో వారం కూడా రాకపోతే ముగ్గురితోనే నడపండి. రానివాళ్ల కోసం గంట మార్చడం మొదలుపెడితే వచ్చేవాళ్లు కూడా పోతారు.

ఇంత తాపత్రయం ఎందుకని అడిగేవాళ్లు బోధన్‌లో తక్కువే ఉంటారు. 1930లలో ఇక్కడి శక్కర్‌నగర్‌లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. నిజామాబాద్ దగ్గర సారంగాపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ అంతకు ముందే ఆగిపోయింది. ఫ్యాక్టరీ జీతం మీద పిల్లల్ని చదివించుకున్న ఇళ్లలో ఇప్పుడు ఒక పీజీ పట్టా జీతాన్ని ఎంతో కొంత పెంచే కాగితం. ఆ కాగితం కోసం కట్టిన ఫీజు సగంలో వదిలేసుకునే స్తోమత ఎవరికీ లేదు.

కాబట్టి పరిచయ తరగతి ఆన్‌లైన్‌లో జరిగినా, స్టడీ సెంటర్లో జరిగినా ఆ రోజే ముగ్గురి నంబర్లు తీసుకోండి. ఒకరు మీ ఊరివాళ్లు, ఒకరు వేరే మండలంవాళ్లు, ఒకరు మీకంటే వయసులో బాగా తేడా ఉన్నవాళ్లు అయితే మంచిది. వారంలో ఒక గంట ఖాయం చేయండి. మొదటి వంతు ఎవరు తీసుకుంటారని అడుగుతూ కూర్చోకండి, మీరే తీసుకోండి.